నేలను బట్టి గోడ: ఒక హాలుకు వెచ్చని బేజ్ కుదిరిన తీరు

ఇళ్ల లోపలి రంగుల ఎంపికలో సలహా ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ముదురు రంగుల గురించినవి తక్కువ, లేత ఇసుక రంగైన బేజ్ గురించినవి ఎక్కువ. ముదురు నీలమో ఇటుక ఎరుపో వేయించుకునేవారు ముందే జంకుతారు, నలుగురిని అడుగుతారు, గోడ మీద నమూనా వేయించి చూస్తారు. బేజ్ అనేసరికి మాత్రం అది దేనితోనైనా కలిసిపోతుందన్న ధీమాతో షేడ్ కార్డు మీద వేలు పెట్టి చూపించేస్తారు. ఆ ధీమా ఎక్కడ దెబ్బతింటుందో, దెబ్బతిన్న తరువాత ఏ క్రమంలో ఆలోచిస్తే దారి దొరుకుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది కనుక దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. గది స్వభావం, వెలుతురు, నేల, రంగుల కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

భార్యాభర్తలు, పిల్లలు, వారితో పాటు ఉండే ఒక పెద్దావిడ. ఇంట్లో అందరూ ఎక్కువసేపు గడిపేది హాలూ భోజనాల చోటూ కలిసిపోయిన ఒక పొడవాటి గదిలో. దాని పొడవు గోడకు పెద్ద కిటికీలు ఉన్నాయి గానీ అవి నేరుగా ఎండ పడని దిక్కుకు తెరుచుకుంటాయి. భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న ఇళ్లకు అది ఉత్తరపు వైపు, బాగా దక్షిణాన ఉన్న ఇళ్లకు దక్షిణపు వైపు. అలాంటి గదికి ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుతురే ఆధారం, ఆ వెలుతురులో నేరుగా పడే ఎండలో కన్నా నీలం పాలు ఎక్కువ. దానికి తోడు కిటికీల ముందు గుబురైన చెట్లు ఉన్నాయి, ఆకుల మీద పడి లోపలికి వచ్చే కాంతి ఆకుపచ్చను వెంట తెస్తుంది. కిటికీ అద్దాలు కూడా మందమైనవి. మామూలు అద్దంలో కొద్దిగా ఇనుము ఉంటుంది కాబట్టి మందం పెరిగేకొద్దీ దాని గుండా వచ్చే వెలుతురుకు లేత ఆకుపచ్చ అంటుతుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్న విషయాలే, కానీ మూడూ ఒకే గదిలో, ఒకే వైపు లాగుతున్నాయి.

నేలంతా పెద్ద పలకల టైల్స్. ఇంటివారు వాటిని క్రీమ్ టైల్స్ అనేవారు. తలుపులు మధ్యస్థమైన గోధుమ రంగు చెక్కవి. స్కర్టింగుకూ (గోడ అడుగున నేల వెంబడి సాగే పట్టీకి) ద్వారబంధాలకూ సీలింగుకూ నీలపు మెరుపున్న తెలుపు వేసి ఉంది.

సమస్య

నన్ను పిలిచేనాటికి గోడలకు కొత్త రంగు వేసి కొద్ది నెలలే అయింది. కార్డులో మెత్తగా, వెచ్చగా కనిపించిన ఒక బేజ్‌ను ఎంచుకుని, తుడవడానికి వీలుగా ఉంటుందని కాస్త మెరిసే శాటిన్ ఫినిష్‌లో వేయించారు. ఇల్లాలి మాటల్లో ఫిర్యాదు ఇది: “పగలు చూస్తే గోడలు మాసిపోయినట్టున్నాయండీ, రాత్రి దీపం వేస్తే పసుపు పూసినట్టున్నాయి. మేం కొన్న రంగు మాత్రం ఎప్పుడూ కనిపించదు.” పెద్దావిడ అయితే సాయంత్రమయ్యాక ఆ గదిలో కూర్చోవడమే మానుకున్నారు. ఇంటాయనకు దుకాణంలో వేరే డబ్బా అంటగట్టారేమోనన్న అనుమానం బలంగా ఉంది.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందుగా తేల్చుకునేది ఆ అనుమానాన్నే. డబ్బాలో వచ్చిన రంగు, కార్డులో ఎంచుకున్న రంగు ఒకటేనా కాదా అన్నది తెలియకుండా చేసే ప్రతి ఆలోచనా గాలిలో మేడ అవుతుంది. మిగిలి ఉన్న రంగును అడుగునుంచి బాగా కలియబెట్టి, తెల్లటి అట్ట మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరనిచ్చాను. ఆరకముందు పోల్చడం దండగ. ఎమల్షన్‌లోని బైండరు, అంటే రంగును గోడకు పట్టి ఉంచే జిగురు, తడిగా ఉన్నంతసేపు తెల్లగా మసకబారి ఉండి రంగును లేతగా చూపిస్తుంది, ఆరి పారదర్శకమైన తరువాతే అసలు రంగు తేలుతుంది. ఆరాక చూస్తే అట్టకూ కార్డుకూ తేడా కనిపించలేదు. దుకాణదారు తప్పేమీ లేదు.

అయితే డబ్బా మూత మీది టింటింగ్ చీటీ, అంటే ఏ రంగు ఎంత కలిపారో చూపే కాగితం, మాత్రం చాలా చెప్పింది. తెల్ల బేస్‌లో కలిపిన స్టెయినర్లలో (చిక్కని రంగు ద్రవాల్లో) పసుపు ఆక్సైడ్‌దే పెద్ద వాటా, తరువాత కొంత నలుపు, ఎరుపు ఆక్సైడ్ దాదాపు లేనట్టే. పసుపులో నలుపు కలిస్తే రంగు ఆకుపచ్చ వైపు జరుగుతుందన్నది రంగులు కలిపేవారందరికీ తెలిసిన సంగతే. ఆ జరుగుదలను ఆపి వెచ్చదనం తెచ్చేది ఎరుపు ఆక్సైడ్. అంటే కార్డులో వెచ్చగా కనిపించిన ఆ బేజ్ అడుగు ఛాయ నిజానికి ఆకుపచ్చ వైపు మొగ్గిన పసుపు. చుట్టూ తెల్లని అంచు, పక్కన వరుసగా పసుపు షేడ్లు ఉన్న కార్డులో ఆ మొగ్గు కంటికి అందదు.

తరువాత ఒక తెల్ల కాగితాన్ని టైల్ మీద పరిచాను. ఇంటివారు ఇన్నేళ్లుగా క్రీమ్ అనుకుంటున్న నేల కాగితం పక్కన గులాబీ రంగులో తేలింది. ఇల్లాలు కాగితాన్ని తీసి చూశారు, మళ్లీ పెట్టి చూశారు, నాలుగడుగులు అవతల మరో పలక మీద పెట్టి చూశారు. ఎక్కడ పెట్టినా గులాబీయే. గదిలో విశాలంగా పరుచుకున్న ఏ లేత రంగునైనా కన్ను కాసేపటికి తటస్థమైనదిగా తీసుకోవడం మొదలుపెడుతుంది, నిజమైన తెలుపును పక్కన పెడితే తప్ప ఆ అలవాటు నుంచి బయటపడదు. బేజ్‌కు సంబంధించిన ఏ పనిలోనైనా నా మొదటి పరికరం ఈ కాగితమే.

ఇక్కడితో సమస్య స్వరూపం అర్థమైంది. గులాబీ నేల పక్కన ఆకుపచ్చ మొగ్గున్న గోడ నిలిస్తే రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి: నేల మరింత గులాబీగా, గోడ మరింత ఆకుపచ్చగా కనిపిస్తాయి. పారిస్‌లోని గోబెలాఁ వస్త్ర కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ఈ నియమాన్ని వివరిస్తూ 1839లో గ్రంథం ప్రచురించాడు. అక్కడి నేతలో నలుపు వెలవెలబోతోందన్న ఫిర్యాదు వస్తే, ఆయన అద్దకాన్ని పరీక్షించి, లోపం అద్దకంలో లేదనీ నల్ల దారం పక్కన నేసిన రంగుల వల్లే అలా కనిపిస్తోందనీ తేల్చాడు. ఇంటాయన డబ్బాను అనుమానించినప్పుడు ఈ సంగతే ఆయనకు చెప్పాను.

అంతకుముందే ప్రయత్నించి వదిలేసినవి

నేను వెళ్లేలోపు ఇంటివారు తమంతట తాము కొన్ని మార్పులు చేసి చూశారు. అవి ఎందుకు పనిచేయలేదో విడమరచుకోవడం నాకు చాలా ఉపయోగపడింది, ఎందుకంటే ప్రతి వైఫల్యమూ ఒక కారణాన్ని వేరుచేసి చూపించింది.

మొదట దీపాలు మార్చారు. అంతవరకూ ఉన్నవి 2700 కెల్విన్ బల్బులు (కెల్విన్ అంకె తగ్గేకొద్దీ కాంతి పసుపెక్కుతుంది, పెరిగేకొద్దీ నీలానికి దగ్గరవుతుంది). వాటి కాంతిలో నీలం తక్కువ కాబట్టి పసుపు మొగ్గున్న గోడ ఇంకా పసుపెక్కడం సహజం. వాటిని తీసి 6500 కెల్విన్ తెల్ల బల్బులు పెట్టారు. పసుపు పోయింది గానీ పగటి మాసినతనం రాత్రికి కూడా వచ్చి చేరింది, తలుపుల చెక్క జీవం కోల్పోయింది, మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కనిపించాయి. పైగా ఆ బల్బుల సీఆర్ఐ, అంటే వస్తువుల రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తాయో చెప్పే సూచిక, 80కి మించదు. ఎరుపును చూపించడంలో అలాంటి దీపాలు సాధారణంగా బలహీనంగా ఉంటాయి. ఎరుపు లోటున్న గోడకు ఎరుపు సరిగా చూపించలేని దీపం తోడైంది.

తరువాత పెయింటరు సలహా మీద ఒక గోడకు అదే రంగును స్టెయినర్లు సగానికి తగ్గించి వేయించారు. రంగు ముదిరిందనుకుంటే ఈ ఉపాయం మంచిదే, నేనూ చాలాచోట్ల వాడతాను. అయితే స్టెయినర్లను సగం చేస్తే రంగు పలచబడుతుందే తప్ప దాని దిశ పెద్దగా మారదు. ఆ గోడ లేతబడింది, ఆకుపచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంకా చెప్పాలంటే, పక్కనున్న రంగుకు వ్యతిరేక ఛాయను అంటించుకోవడంలో పలచని రంగులే ముందుంటాయి కనుక, నేల గులాబీ ఆ గోడను మునుపటికన్నా సులువుగా ఆకుపచ్చ వైపు నెట్టింది.

మూడోది, కిటికీ తెరల గుడ్డ ముక్కను దుకాణానికి తీసుకెళ్లి యంత్రం మీద రంగు సరిపోల్పించి, కిటికీ పక్కన కొంత మేర వేయించడం. పగటి వెలుతురులో గుడ్డా గోడా కలిసిపోయాయి, రాత్రి దీపాల కింద విడిపోయాయి. గుడ్డలోని అద్దకాలు వేరు, పెయింటులోని పిగ్మెంట్లు వేరు. ఒక కాంతిలో ఒకేలా కనిపించిన రెండు పదార్థాలు మరో కాంతిలో వేరుపడడాన్ని మెటామెరిజం అంటారు, దానికి యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఏది మారుతుంది, ఏది మారదు

రంగు ఎంచడానికి ముందు గదిలో మార్చలేనివాటిని పక్కకు తీసి పెట్టాలి. నేల మార్చడం అంటే ఇల్లు ఖాళీ చేయవలసినంత పని, ఇంటివారికి ఆ ఉద్దేశం లేదు. కిటికీల దిక్కు మారదు, చెట్లు కొట్టమని నేను ఎన్నడూ చెప్పను. చేతిలో ఉన్నవి గోడ, తెలుపు, మెరుపు, దీపం. వీటిలో అన్నిటికన్నా తక్కువ శ్రమతో పరీక్షించగలిగింది దీపం కనుక దానితో మొదలుపెట్టాను. సీఆర్ఐ 90 దాటిన 3000 కెల్విన్ బల్బులు పెట్టించి, పాత గోడల మధ్యే కొన్ని సాయంత్రాలు గడపమన్నాను. పసుపు ఫిర్యాదు చాలావరకు తగ్గింది, పెద్దావిడ మళ్లీ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. పగటి ఫిర్యాదు మాత్రం కదలలేదు. రాత్రి సమస్యలో దీపానికి పెద్ద వాటా ఉందనీ, పగటి సమస్యకు గోడే మారాలనీ దీనితో ఖరారైంది. దీపాలూ రంగూ ఒకేసారి మార్చి ఉంటే ఏది దేన్ని బాగు చేసిందో తెలిసేది కాదు.

కొత్త రంగు కోసం నేను 1905లో ఆల్బర్ట్ మన్సెల్ ప్రతిపాదించిన పద్ధతిలో ఆలోచిస్తాను. అందులో రంగును మూడు వేర్వేరు అంశాలుగా చూస్తారు: వర్ణం, లేత ముదురు (నలుపుకు 0, తెలుపుకు 10), సాంద్రత అంటే రంగు ఎంత గాఢమన్నది. వర్ణానికి రాసే గుర్తుల్లో వై అంటే పసుపు, వైఆర్ అంటే పసుపుకూ ఎరుపుకూ నడిమిది. మన్సెల్ చిప్పులతో పోల్చి చూస్తే ఈ ఇంటి నేల సుమారుగా 5వైఆర్ వర్ణంలో, 7 లేతదనంలో ఉంది, పాత గోడ 5వై వర్ణంలో, 8 లేతదనంలో ఉంది. రెండింటి మధ్య వంద మెట్ల వర్ణచక్రం మీద పది మెట్ల ఎడం. ముదురు రంగుల మధ్య అంత ఎడం అందంగానే ఉంటుంది. రెండూ దాదాపు బూడిద అంచున ఉన్న లేత రంగులైనప్పుడు మాత్రం అది ఉద్దేశపూర్వకంగా కనిపించదు, కుదరక మిగిలిపోయిన పనిలా కనిపిస్తుంది.

దీన్నుంచి మూడు దారులు తీసుకున్నాను. ఒకటి, నేల వర్ణానికే గోడను తీసుకెళ్లడం. రెండు, నేలకూ పాత గోడకూ నడుమ, 10వైఆర్ దగ్గర ఆగడం. మూడు, వర్ణాన్ని దాదాపు వదిలేసి బూడిద కలిసిన బేజ్‌కు పోవడం. ఒక్కో దారిలో ఒకటి రెండు షేడ్లు తెప్పించి, రెండడుగుల చదరపు బోర్డుల మీద అంచుల దాకా రెండేసి కోట్లు వేయించాను. గోడ మీదే ముక్కలుగా వేయించి చూడకపోవడానికి కారణం ఉంది: పాత రంగు చుట్టూ ఉన్నంతకాలం కొత్త రంగును అది తనకు వ్యతిరేక దిశలో చూపిస్తూనే ఉంటుంది. బోర్డు వెనక గోడకు తెల్ల గుడ్డ కప్పించి, బోర్డు అడుగు అంచు టైల్‌కు ఆనేలా నిలబెట్టాం. చాలామంది నమూనాను కంటి ఎత్తున అతికించి చూస్తారు. గోడా నేలా తగువులాడుకునేది మాత్రం పాదాల దగ్గర.

ఇల్లాలికి మొదటి దారి నచ్చింది. నేలకు సరిగ్గా సరిపోతున్నప్పుడు వేరేది ఎందుకన్నది ఆవిడ వాదన, ఒక్క బోర్డును చూస్తే ఆ వాదనలో బలమూ ఉంది. అప్పుడు అదే రంగు వేసిన రెండు బోర్డులను గది మూలలో లంబంగా, అంచుకు అంచు తాకేలా నిలబెట్టాను. ఒక బోర్డు మీద పడిన కాంతి రెండోదాని మీదికి, అక్కడినుంచి మళ్లీ మొదటిదాని మీదికి తిరుగుతూ ప్రతిసారీ ఇంకాస్త రంగును మోసుకెళ్తుంది. రెండు బోర్డులు కలిసిన చోట గులాబీ అప్పటికప్పుడు చిక్కబడింది. నాలుగు గోడలూ కింద అదే రంగు నేలా ఉన్న గదిలో జరిగేది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. దీపం వేసి చూసేసరికి ఆ మూల చర్మపు రంగుకు దిగింది. ఆవిడ చాలాసేపు చూసి, “ఇది కుదరదండీ” అన్నారు. మాటలతో ఒప్పించాలని చూసి ఉంటే ఆ నిర్ణయం నాది అయ్యేది, బోర్డులు చూశాక అది ఆవిడది అయింది. ఇల్లు వారిది కాబట్టి ఈ తేడా నాకు ముఖ్యం.

బూడిద బేజ్ ఎక్కువసేపు నిలవలేదు. ఎండ నేరుగా పడే గదుల్లో హుందాగా ఉండే ఆ రంగు, నీలపు పాలు ఎక్కువున్న ఈ వెలుతురులో పూత వేయని సిమెంటు గోడను గుర్తుకు తెచ్చింది.

మిగిలింది నడిమి దారి. మొదట తెప్పించిన షేడ్ వర్ణంలో కుదిరింది గానీ మూల పరీక్షలో సాంద్రత ఎక్కువని తేలింది, సాయంత్రానికి నారింజ వైపు పోయింది. అదే వర్ణంలో ఇంకా పలచని, ఇంకా లేతదైన షేడ్‌ను ఎంచాం. పాత రంగు ఎల్ఆర్‌వీ, అంటే పడిన వెలుతురులో గోడ తిరిగి పంపే పాలు, 58 ఉంటే దీనిది 67. ఎండ రాని గదికి ఆ తేడా చిన్నది కాదు. దాని టింటింగ్ చీటీలో పసుపు ఆక్సైడ్‌తో పాటు ఎరుపు ఆక్సైడ్‌కూ తగిన వాటా ఉంది, నలుపు నామమాత్రం. బోర్డు టైల్‌ను తాకిన గీత దగ్గర వంగి చూస్తే నేల కాస్త గులాబీగానే ఉంది, గోడ కాస్త పసుపుగానే ఉంది, ఒకటి రెండోదాన్ని నెట్టడం మాత్రం ఆగింది. పొద్దున, మధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు, దీపాల కింద బోర్డును గోడ గోడకూ మార్చి చూడమని ఇంటివారికే వదిలేసి వచ్చాను. వారు ఖాయం అన్న తరువాతే డబ్బాలు తెప్పించాం.

తెలుపు, మెరుపు, పని

బేజ్ పక్కన ఏ తెలుపు ఉందన్నది చాలామంది పట్టించుకోని విషయం. నీలపు మెరుపున్న తెలుపు పక్కన ఏ వెచ్చని బేజ్ అయినా మాసినట్టే కనిపిస్తుంది. అందుకని స్కర్టింగునూ ద్వారబంధాలనూ గోడ వర్ణానికే చెందిన వెచ్చని ఆఫ్ వైట్‌కు మార్చాం, సీలింగుకు కూడా అదే. గోడ రంగు మార్చకుండా ఇదొక్కటే చేసి ఉన్నా పగటి ఫిర్యాదు కొంత తగ్గేదని నా అభిప్రాయం.

శాటిన్ వదిలి, తుడవడానికి వీలైన తక్కువ మెరుపు రకానికి వచ్చాం. మెరిసే గోడ తన రంగుతో పాటు ఎదురుగా ఉన్నదాన్ని కూడా చూపిస్తుంది, ఈ గదిలో ఎదురుగా ఉన్నవి ఆకులు. పైగా కిటికీ వెలుతురు గోడ వెంబడి ఏటవాలుగా పాకే చోట మెరుపు ప్రతి ఎగుడుదిగుడునూ ఎత్తి చూపిస్తుంది.

పని విషయంలో ప్రత్యేకించి చెప్పవలసినవి కొద్దే. శాటిన్ మెరుపు పోయేలా గోడలను ఎమెరీ పేపరుతో రుద్దించాం. లప్పం పెట్టిన చోట్లకు విడిగా ప్రైమర్ వేయించాం. లేకపోతే అవి రంగును ఎక్కువ పీల్చుకుని మచ్చలుగా మిగులుతాయి. పాత ముదురు కనిపించకుండా గోడంతటికీ ఒక తెల్ల ప్రైమర్ కోటు, దాని మీద రెండు కోట్లు. అన్ని డబ్బాలనూ పెద్ద బకెట్‌లో ఒకటిగా కలిపించి మొదలుపెట్టించాం, బేజ్‌లో డబ్బాకూ డబ్బాకూ ఉండే కొద్దిపాటి తేడా కూడా గోడ మధ్యలో గీతలా తేలుతుంది.

ఫలితం, నేర్చుకున్నవి

పగలు గోడలు ఇప్పుడు శుభ్రంగా, కొద్దిగా వెచ్చగా ఉన్నాయి. రాత్రి ఆ వెచ్చదనం పెరుగుతుంది గానీ పసుపు ముందుకు రాదు. చెట్లకు దగ్గరగా ఉన్న మూల ఒకటి మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో ఇప్పటికీ లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. బోర్డుల దశలోనే అది కనిపించింది, ఇంటివారికి ముందుగానే చెప్పాను, వారు తెలిసే ఒప్పుకున్నారు. ఆ ఒక్క మూల కోసం గోడలన్నిటికీ ఎరుపు పెంచితే మిగతా గది గులాబీ అయ్యేది.

ఈ కేసు తరువాత బేజ్ అడిగేవారి దగ్గర నేను షేడ్ కార్డును చివరగా తెరుస్తున్నాను. ముందు నేల మీద తెల్ల కాగితం, తరువాత కిటికీ బయట ఏముందో చూడడం, తరువాత దీపాల పెట్టెల మీది కెల్విన్, సీఆర్ఐ అంకెలు చదవడం. ఇవి తేలేసరికి కార్డులోని బేజ్‌లలో చాలావరకు వాటంతట అవే పక్కకు పోతాయి, మిగిలిన కొద్దిటిని బోర్డుల మీద చూడడం శ్రమ అనిపించదు. నచ్చిన షేడ్ టింటింగ్ చీటీ దొరికితే ఎరుపు ఆక్సైడ్ వాటా ఎంతో తప్పకుండా చూస్తాను. బేజ్ ఏ వైపు మొగ్గుతుందో పేరు కన్నా ఆ వాటాయే నిజం చెబుతుంది.

పని ముగిశాక చీటీ ఫోటోను, రెండు కోట్లు వేసిన ఒక బోర్డును ఇంటివారి దగ్గరే ఉంచమన్నాను. కొన్నేళ్ల తరువాత ఒక్క గోడకే రంగు వేయించవలసి వస్తే కొత్త డబ్బాలోని రంగును ముందు ఆ బోర్డు మీద ఒక పక్కగా వేసి ఆరనిచ్చి చూడాలి, తేడా కనిపిస్తే ఆ గోడను మూలనుంచి మూలదాకా పూర్తిగా వేయించాలి, మధ్యలో అతుకు వేయించకూడదు.